సైకస్ కుండీ చుట్టూ తిరిగే నీలి సీతాకోకచిలుక: పేరు ఎలా తేల్చుకోవాలి

వానలు మొదలై సైకస్ మొక్కలు (ఈతచెట్టులా కనిపించే అలంకారపు మొక్కలు) కొత్త ఆకులు వేసే రోజులొస్తే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. అపార్ట్‌మెంట్ గేటు పక్కన కుండీ, దాని మీద బొటనవేలి గోరంత నీలి సీతాకోకచిలుక, కింద "ఇదేంటండీ?" అని ఒక ప్రశ్న. కొందరు ఇంకో ప్రశ్న కూడా కలుపుతారు: "కొత్త ఆకులన్నీ కొరికేసింది ఇదేనా?" విజయవాడ పటమట నుంచి, గుంటూరు బృందావన్ గార్డెన్స్ నుంచి, మంగళగిరి నుంచి, తెనాలి నుంచి ఇదే అడుగుతారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

చాలాసార్లు జవాబు ప్లెయిన్స్ క్యూపిడ్. అన్నిసార్లూ కాదు. మన చుట్టుపక్కల దాన్ని పోలిన చిన్న నీలి సీతాకోకచిలుకలు అరడజను పైనే ఉన్నాయి. వాటి మధ్య తేడా తెలిస్తే మీ ఫొటోకి మీరే నమ్మకంగా పేరు పెట్టగలరు.

ముందే ఒక మాట చెప్పాలి. నీలం రంగు చూసి పేరు పెట్టకండి. ఈ చిన్న నీలి సీతాకోకచిలుకల కుటుంబంలో చాలా మగవాటికి రెక్కల పై వైపు ఏదో ఒక నీలం ఉంటుంది. ఎండ పడే కోణాన్ని బట్టి అది ఊదాగా, బూడిదగా, వెండిలా మారిపోతుంది. పేరు తేలేది రెక్కలు మూసి కూర్చున్నప్పుడు కనిపించే కింది వైపున. అక్కడి చుక్కలు, గీతలు, తోక చూడాలి.

పేరు గురించి కూడా కొంచెం. దీని శాస్త్రీయ నామం లుథ్రోడెస్ పాండవ. పాత పుస్తకాల్లో చిలాడెస్ పాండవ అని ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడక్కర్లేదు. థామస్ హార్స్‌ఫీల్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1829లో జావా దీవి నమూనాలను చూసి దీన్ని వర్ణించాడు. అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకునే ఇంద్రకీలాద్రి నీడలో ఉండేవాళ్లం, మనకి పాండవ అన్న పేరు ఒకసారి వింటే మరిచిపోయేది కాదు.

కావలసినవి

మామూలు ఫోన్ కెమెరా చాలు. రెండు రెట్లు జూమ్ ఉంటే ఇంకా మేలు. చిన్న నోటు పుస్తకం, పెన్ను తీసుకోండి. కొలతకి పది రూపాయల నాణెం ఒకటి జేబులో వేసుకోండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. ప్లెయిన్స్ క్యూపిడ్ రెక్కలు పూర్తిగా చాచితే సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే ఆ నాణెమంత. రెక్కలు మూసి కూర్చుంటే అందులో సగమే కనిపిస్తుంది.

వల వద్దు. పట్టుకుని గుండుసూది గుచ్చే పని అసలే వద్దు. ఈ కుటుంబంలోని కొన్ని జాతులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్నాయి. చేతిలో ఉన్నది ఏదో పట్టుకునే ముందు తెలియదు కదా. ఫొటోతోనే పని జరుగుతుంది.

వేళ ముఖ్యం. చలికాలంలో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి తొమ్మిది దాటితే అవి నీడలోకి పోతాయి, మీరూ నిలబడలేరు. వాన వెలిసి ఎండ కాసిన అరగంట అన్నిటికన్నా మంచిది. రెక్కలు ఆరబెట్టుకుంటూ కదలకుండా కూర్చుంటాయి.

1. ముందు పెద్దవాటిని పక్కన పెట్టండి

"నీలి సీతాకోకచిలుక" అని నాకు వచ్చే ఫొటోల్లో చాలావరకు అసలు ఈ కుటుంబానివే కావు. అరచేతిలో సగమంత ఉండి, నల్ల రెక్కల మీద లేత నీలి గీతలూ మచ్చలూ ఉంటే అది బ్లూ టైగర్. వెనక రెక్కల మీద మెరిసే నీలం, వాటి మీద కళ్లలాంటి గుండ్రాలు ఉండి, నేలమీద రెక్కలు పరిచి కూర్చుంటే బ్లూ పాన్సీ. నల్లటి రెక్కల మీద ఊదా అంచున్న పెద్ద తెల్లమచ్చలుంటే డనాయిడ్ ఎగ్‌ఫ్లై మగది. ఇవన్నీ నాణెం కన్నా బాగా పెద్దవి. మీరు చూసింది నాణెమంతే లేదా అంతకన్నా చిన్నదే అయితే ముందుకి వెళ్లండి.

2. కింది వైపు ఫొటో తీయండి

ఇక్కడ తొందరపడినవాళ్లకి తర్వాత అడుగులేవీ పనిచేయవు.

సీతాకోకచిలుక ఎగురుతుంటే వెంటపడకండి. అది మళ్లీ మళ్లీ వచ్చి వాలే కొమ్మ ఒకటి ఉంటుంది. అక్కడ రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. వాలిన తర్వాత మీ నీడ దాని మీద పడకుండా చూసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా చేరండి. అడుగు దూరంలో ఆగి జూమ్ వాడండి. ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టినట్టు పెడితే ఎగిరిపోతుంది, లేదా ఫోకస్ వెనకున్న ఆకు మీదికి పోతుంది.

ఫోన్ రెక్కకి సమాంతరంగా ఉండాలి. గోడకి తగిలించిన పటాన్ని ఎదురుగా నిలబడి తీసినట్టు అన్నమాట. ఏటవాలుగా తీస్తే చుక్కలు సాగిపోయి వరుస తప్పినట్టు కనిపిస్తాయి. ఒకటి కాదు, పది తీయండి. వెనక రెక్క మొత్తం, తోక మూలతో సహా, స్పష్టంగా ఉన్న ఫొటో ఒక్కటి దొరికితే చాలు.

రెక్కలు విప్పితే పై వైపు ఫొటో కూడా తీయండి. అది అదనం. కింది వైపు లేకుండా పై వైపు ఒక్కటే పంపిస్తే నేనైనా, ఎవరైనా ఊహించి చెప్పడమే అవుతుంది.

3. తోక ఉందా?

వెనక రెక్క కింది మూలలో వెంట్రుకంత సన్నని తోక ఒకటి ఉంటుంది. కొన నలుపు లేదా తెలుపు. కూర్చున్నప్పుడు ఈ సీతాకోకచిలుకలు వెనక రెక్కల్ని పైకీ కిందికీ రుద్దుతుంటాయి. అప్పుడు తోకలు మీసాల్లా కదులుతాయి, పక్కనున్న నల్లచుక్క కన్నులా కనిపిస్తుంది. పిట్టో బల్లో అదే తల అనుకుని అక్కడ కొరికితే, రెక్క ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది.

మీకు ఇబ్బంది కూడా సరిగ్గా ఇక్కడే వస్తుంది. తోక ఊడిపోయినవి చాలా కనిపిస్తాయి. అందుకని "తోక లేదు" అని రాసుకునే ముందు ఆ మూలని పెద్దది చేసి చూడండి. అంచు చిరిగి, ముక్క పోయినట్టు ఉంటే తోక ఉండేదేమో అని అనుమానించాలి. రెండు వైపుల రెక్కలూ నున్నగా, అంచు తెల్లటి కుచ్చుతో సహా చెక్కుచెదరకుండా ఉంటేనే తోక లేని జాతి అనుకోండి.

తోక ఉంటే నాలుగో అడుగుకి వెళ్లండి. నిజంగా తోక లేకపోతే ఆరో అడుగుకి పోండి.

4. చుక్కలు లెక్కపెట్టండి

ఫొటోని స్క్రీన్ నిండా పెద్దది చేయండి. వెనక రెక్కలో మూడు చోట్లు చూడాలి.

మొదటి చోటు, రెక్క ఒంటికి అతుక్కున్న భాగం. ప్లెయిన్స్ క్యూపిడ్‌కి అక్కడ మూడు నాలుగు గుండ్రటి నల్లచుక్కలు అడ్డంగా ఒక వరుసలో ఉంటాయి. ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి గీత ఉంగరంలా ఉంటుంది. బూడిద రంగు రెక్క మీద కాటుకతో బొట్లు పెట్టినట్టు కొట్టొచ్చినట్టు కనబడతాయి.

రెండో చోటు, ముందు రెక్కకి ఆనుకుని ఉండే పై అంచు. దాని నడిమికి అలాంటిదే ఇంకో నల్లచుక్క ఉంటుంది.

మూడో చోటు, తోక మూల. అక్కడ నల్లచుక్కలు, వాటి మీద నారింజ రంగు టోపీ, చుక్క అంచున మెరిసే నీలి పొలుసులు ఉంటాయి. ఎండ సరిగా పడితే ఆ మెరుపు ఫొటోలో కూడా వస్తుంది.

మిగతా రెక్కంతా తెల్ల అంచులున్న బూడిద గోధుమ పట్టీలు, గొలుసు ముక్కల్లా. ముందు రెక్కలో మొదలు దగ్గర నల్లచుక్కలుండవు, ఈ పట్టీలే ఉంటాయి.

ఈ మూడూ కలిస్తే, తోక కూడా ఉంటే, మీ జవాబు ప్లెయిన్స్ క్యూపిడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అయినా ఇంకా పేరు రాయకండి.

5. తోకున్న పోలికల్ని ఒక్కొక్కటీ కొట్టేయండి

గ్రామ్ బ్లూ. అందరినీ ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. పరిమాణం అదే, తోక ఉంది, మూలలో నారింజ టోపీ ఉన్న రెండు నల్లచుక్కలూ ఉన్నాయి. తేడా రెక్క మొదట్లో. ప్లెయిన్స్ క్యూపిడ్‌లోలా గట్టి నల్లచుక్కల వరుస దీనికి ఉండదు. పై అంచు వైపు ఉండే చుక్కలే కళ్లకి ఆనతాయి. నేను మొదటి రెండేళ్లూ తోక మూల మాత్రమే చూసి ఈ రెండింటినీ కలిపేసుకున్నాను. పాత ఫొటోలన్నీ మళ్లీ తీసి, రెక్క మొదలు చూసి, పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది. మీకు ఆ శ్రమ ఉండకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

గ్రామ్ బ్లూని బాగా చూడాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణిలో వేసిన మినుము చేలకి వెళ్లండి. మినుము, పెసర, అలసంద పూత మీద ఉంటే గట్టు మీద నిలబడితే చాలు, కనిపిస్తాయి. ఆడవి మొగ్గల మీద గుడ్లు పెడతాయి. ఒక పూట అక్కడ గడిపి గ్రామ్ బ్లూని కంటికి అలవాటు చేసుకుంటే, ఊళ్లో సైకస్ మీద వాలింది వేరేదని దూరం నుంచే తెలిసిపోతుంది.

ఫర్గెట్ మీ నాట్. గ్రామ్ బ్లూకి దగ్గర పోలిక. తోక మూలలో నారింజ టోపీ ఉన్న నల్లచుక్క ఒక్కటే ఉంటుంది. రెండోది కనిపిస్తే ఇది కాదు.

పీ బ్లూ. కింది వైపంతా గోధుమ, తెలుపు అలలు. గుండ్రటి నల్లచుక్కల వరుస రెక్క మొదట్లో అసలు లేదు. వెనక రెక్క అంచుకి కాస్త లోపల వెడల్పాటి తెల్ల పట్టీ ఒకటి నిలువుగా దిగుతుంది, గుర్తు అదే. కంది, అలసంద, జనుము ఉన్నచోట ఉంటుంది. దీని గొంగళిపురుగు కాయలోకి దూరి గింజ తింటుంది కాబట్టి అపరాల రైతులకి పరిచయమే.

జీబ్రా బ్లూ. పేరులోనే ఉంది, తెలుపు మీద గోధుమ చారలు. లేత నీలి పూల ప్లంబాగో మొక్క పెంచుకునే ఇళ్లలో తప్పక కనిపిస్తుంది. అదే కుటుంబంలోని చిత్రమూలం దగ్గర కూడా.

కామన్ పియరో. తెల్లటి రెక్క మీద పెద్ద పెద్ద నల్లమచ్చలు. రేగు చెట్టు దాని ఇల్లు. ఒక్కసారి చూస్తే మరి దేనితోనూ పొరబడరు.

6. తోక లేనివైతే

సైకస్ దగ్గర కాకుండా నిమ్మచెట్టు దగ్గర, దాదాపు ప్లెయిన్స్ క్యూపిడ్ లాంటి చుక్కలతోనే, తోక లేకుండా కనిపిస్తే అది లైమ్ బ్లూ. ఇది ప్లెయిన్స్ క్యూపిడ్‌కి దగ్గరి చుట్టం. పెరట్లో నిమ్మ, సైకస్ రెండూ ఉన్న ఇంట్లో రెండూ తిరుగుతాయి. తోక ఊడిన ప్లెయిన్స్ క్యూపిడ్‌ని లైమ్ బ్లూ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అంచు చిరిగిందో లేదో చూడమని మూడో అడుగులో అన్నది ఇందుకే.

గడ్డిలో, నేలకి జానెడు ఎత్తులో ఎగిరేవి గ్రాస్ బ్లూలు. ఇవి నాణెం కన్నా చిన్నవి. ముందు రెక్క కింది వైపు మధ్యలో ఒక చుక్క విడిగా ఉంటే డార్క్ గ్రాస్ బ్లూ గానీ పేల్ గ్రాస్ బ్లూ గానీ. ఆ చుక్క లేకుండా, వెనక రెక్క చుక్కల వరుసలో పై నుంచి రెండోది లోపలికి జరిగి ఉంటే లెస్సర్ గ్రాస్ బ్లూ. మరీ చిన్నగా, సన్నటి రెక్కలతో, ముందు రెక్క పై అంచున చిన్న చుక్కలుంటే టైనీ గ్రాస్ బ్లూ. వీటి సంగతి వేరుగా రాయదగ్గంత ఉంది. ఇప్పటికి ఇవి సైకస్ జోలికి రావని గుర్తుంచుకుంటే చాలు.

వెనక రెక్క అంచున నారింజ రంగులో పొదిగిన, ఆకుపచ్చగా మెరిసే నల్లచుక్కల వరుస ఉంటే గ్రాస్ జ్యువెల్. మన దేశపు అతి చిన్న సీతాకోకచిలుకల్లో అది ఒకటి.

7. పై వైపు, రుతువు

పై వైపు ఫొటో దొరికితే ఆడా మగా తెలుస్తుంది. మగది లేత ఊదా నీలం, అంచున సన్నని నల్లగీత. ఆడదానికి నీలం రెక్క మొదట్లోనే ఉంటుంది, చుట్టూ వెడల్పాటి ముదురు గోధుమ అంచు. ఆడదాన్ని చూసి "ఇది వేరే జాతి" అనుకునేవాళ్లు చాలామంది. రెండూ ఒకే కుండీ చుట్టూ తిరుగుతుంటే అది జంట కావచ్చు.

వానాకాలంలో పుట్టినవాటికి కింది వైపు గీతలు గట్టిగా, ముదురుగా ఉంటాయి. ఎండాకాలంలో పుట్టినవి పాలిపోయి ఉంటాయి. మే నెల ఫొటోని సెప్టెంబరు ఫొటోతో పోల్చి తేడా ఉందని భయపడకండి. గీతల్ని వదిలేసి రెక్క మొదట్లో నల్లచుక్కల్ని చూడండి.

8. మొక్కని చూడండి

రెక్క చెప్పిన సాక్ష్యానికి మొక్క రెండో సాక్షి. ప్లెయిన్స్ క్యూపిడ్ గొంగళిపురుగు సైకస్ లేత ఆకులు తింటుంది. చుట్టలు విప్పుకుంటున్న మెత్తటి చిగురే దానికి కావాలి. మీరు చూసిన చోట సైకస్ ఉందా, దానికి కొత్త చిగురు వేస్తోందా చూడండి.

చిగురు ఉంటే దగ్గరికెళ్లి వెతకండి. ఆకు మీద ఇసుక రేణువంత లేత రంగు గుడ్లు ఉంటాయి. గొంగళిపురుగులు చదునుగా, చిన్న జలగల్లా ఉంటాయి. కొన్ని ఆకుపచ్చ, కొన్ని ఎర్రటి వంకాయ రంగు. రంగు వేరైనంత మాత్రాన వేర్వేరు జాతులనుకోకండి. వాటిని వెతకడానికి ఒక సులువు ఉంది. చీమలు చిగురు మీద ఒకేచోట గుమికూడి ఉంటే అక్కడ చూడండి. గొంగళిపురుగు వీపు నుంచి ఊరే తీపి రసం కోసం చీమలు దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతాయి, శత్రువుల్ని రానివ్వవు.

ఒక హెచ్చరిక. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక పూల తేనె కోసం గడ్డిచామంతి మీద వాలుతుంది, తడి మట్టి మీదా వాలుతుంది. వాలిన మొక్క అది తినే మొక్క కాకపోవచ్చు. గుడ్డు పెట్టడం గానీ, గొంగళిపురుగు తినడం గానీ చూస్తేనే మొక్కని సాక్ష్యంగా రాసుకోండి.

ఇంకొకటి. సైకస్ మొక్క విషం. గింజలైతే మరీ. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇంట్లో కుక్క ఉంటే గింజలు కొరక్కుండా చూసుకోండి, ప్రాణం మీదికి వస్తుంది.

9. అది ఉండే ప్రాంతమేనా సరిచూడండి

ఫోన్ యాప్‌లు ఫొటో చూసి పేరు చెబుతాయి. ఐనాచురలిస్ట్ లాంటివి నేనూ వాడతాను. కానీ లొకేషన్ ఇవ్వకుండా ఫొటో ఎక్కిస్తే యాప్ ఎక్కడెక్కడి పేర్లో చూపిస్తుంది. ఒకరికి ఈస్టర్న్ టెయిల్డ్ బ్లూ అని వచ్చింది. అది ఉత్తర అమెరికాది. ఇంకొకరి జీబ్రా బ్లూకి కాసియస్ బ్లూ అని వచ్చింది. అదీ అమెరికా ఖండాలదే. చూడ్డానికి చాలా దగ్గరగా ఉంటాయి కాబట్టి యాప్ తప్పు అనలేం, చోటు చెప్పకపోవడమే తప్పు. అందుకే పేరు రాగానే ఆ జాతి ఎక్కడ ఉంటుందో మ్యాప్ తెరిచి చూడండి. మన దేశపు రికార్డులకి బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో జాతి పేజీ తెరిస్తే ఏయే రాష్ట్రాల్లో ఎప్పుడు కనిపించిందో ఫొటోలతో ఉంటుంది.

ప్లెయిన్స్ క్యూపిడ్ సొంత ప్రాంతం దక్షిణాసియా, ఆగ్నేయాసియా. మన దేశం, శ్రీలంక, మయన్మార్ నుంచి మలయా ద్వీపకల్పం, జావా దాకా. అయితే ఈ మధ్య కాలంలో దాని మ్యాప్ పెద్దదైంది. సైకస్ మొక్కల్ని అలంకారం కోసం దేశదేశాలకి పంపారు, మొక్కతో పాటు గుడ్లూ పురుగులూ వెళ్లాయి. పసిఫిక్‌లో గ్వామ్ దీవికి 2005లో చేరి అక్కడి స్థానిక సైకస్ చెట్లకి పెద్ద బెడద అయింది. మారిషస్‌లో, మడగాస్కర్‌లో, ఈజిప్టులో కూడా ఉంది. కాబట్టి ఈ జాతి విషయంలో పాత పుస్తకంలోని మ్యాప్ గీత దాటి కనిపిస్తే వెంటనే కొట్టేయకండి. అక్కడ సైకస్ ఉందా అని అడగండి.

మన రాష్ట్రంలో సహజంగా పెరిగే సైకస్ కూడా ఉంది. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీని మన భాషలో పేరిత అంటారు. ఆ మొక్క ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దాని వ్యాపారం మీద అంతర్జాతీయంగా గట్టి నిషేధం ఉంది. మన విజయవాడ, గుంటూరు ఇళ్ల ముందు ఉండేది అది కాదు. కడియం నర్సరీల నుంచీ మరో చోట నుంచీ వచ్చే తోట సైకస్. నేను ఈ రెండు ఊళ్లలో చూసిన ప్లెయిన్స్ క్యూపిడ్ పురుగులన్నీ కుండీల్లో, పార్కుల్లో, ఆఫీసు లాన్‌లలో పెంచే ఆ సైకస్ మీదే.

కొండ మీదివి చూడాలంటే ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి, కొండవీడు కోట దారికి వెళ్లండి. అక్కడ సైకస్ లేనిచోట ప్లెయిన్స్ క్యూపిడ్ అనిపించింది కనిపిస్తే, గ్రామ్ బ్లూ అవునా అని ఇంకోసారి సరిచూసుకోండి.

10. రాసి పెట్టుకోండి

తేదీ, సమయం, చోటు, మొక్క, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి. ఇంతే. ఉదాహరణకి ఇలా: "ఆగస్టు 14, ఉదయం 8.40, గుంటూరు, ఇంటి ముందు సైకస్, చిగురు వారం క్రితం వేసింది, ఆడది ఒకటి గుడ్లు పెడుతోంది, మగవి రెండు." పేరు తర్వాత రాయొచ్చు. పేరు ముందే రాసి చూసింది మరిచిపోతే ఆ రికార్డు ఎవరికీ పనికిరాదు.

ఫలితం సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి

మొదటిది, తేలికైనది. ఫొటోని రెండు రోజులు పక్కన పెట్టి, పేరు చూడకుండా మళ్లీ తోక, రెక్క మొదలు, పై అంచు, తోక మూల చూడండి. రెండోసారి కూడా అదే జవాబొస్తే మంచిది. రాకపోతే "గ్రామ్ బ్లూ లేదా ప్లెయిన్స్ క్యూపిడ్" అని రెండూ రాయండి. అలా రాయడంలో తప్పేమీ లేదు. తెలిసినట్టు రాసిన తప్పు పేరు కన్నా అది చాలా విలువైన రికార్డు.

రెండోది, నాకు ఇష్టమైనది, పురుగుని పెంచి చూడటం. చిగురు మీదున్న గొంగళిపురుగు ఒకటి రెండింటిని ఆకుతో సహా గాజు సీసాలో వేయండి. అడుగున టిష్యూ కాగితం పరచండి. మూతికి పలుచని గుడ్డ కట్టండి. మూత బిగించకండి, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రోజూ అదే మొక్క లేత ఆకు వేసి, పాతదీ పెంటికలూ తీసేయండి. సీసా ఎండలో పెట్టకండి. మన వేసవిలో కిటికీ దగ్గర అరగంట చాలు, లోపల ఉడికిపోతుంది. తినడం మాని, కదలకుండా, పొట్టిగా ముడుచుకుంటే ప్యూపా అవుతోందని అర్థం. అప్పుడు ఇక కదిలించకండి. రెక్కలొచ్చి బయటపడ్డాక అవి ఆరేదాకా ఆగితే, ఒక్క చిరుగు లేని తోకతో, చుక్కలన్నీ స్పష్టంగా ఉన్న ఫొటో మీకు దొరుకుతుంది. ఫొటో తీసి, తెచ్చిన మొక్క దగ్గరే వదిలేయండి.

ఎక్కువమంది చేసే తప్పులు

రెక్కలు విప్పిన ఫొటో ఒక్కటే తీసి పేరు అడగడం. తోక ఊడినదాన్ని తోక లేనిదనుకోవడం. తోక మూల నారింజ చూసి అక్కడే ఆగిపోవడం. ఆడదాన్ని వేరే జాతి అనుకోవడం. ఫొటోకి ఫిల్టర్ వేసి నీలం పెంచడం కూడా చూస్తున్నాను, దయచేసి అది వద్దు. రంగు మారితే పర్లేదు గానీ, బూడిద నేపథ్యం నల్లబడి నల్లచుక్కలు అందులో కలిసిపోతాయి.

ఇక ఆకులు తింటోందన్న ప్రశ్న. అవును, కొత్త చిగురు మొత్తం కొరికి ఈనెలు మిగిల్చేది దీని పురుగులే. మొక్క ఒక్కసారికే చచ్చిపోదు గానీ, ప్రతి చిగురూ పోతే నీరసిస్తుంది. మందు కొట్టమని చెప్పలేను. అదే కుండీ చుట్టూ తిరిగే తేనెటీగలు, మిగతా సీతాకోకచిలుకలు, వాటిని తినే పిట్టలు కూడా ఆ మందు బారిన పడతాయి. చిగురు మొలక కనిపించిన రోజే పాత దోమతెర ముక్క దాని మీద గొడుగులా కప్పి, అంచులు కాండం చుట్టూ దారంతో కట్టేయండి. ముందే గుడ్లు పెట్టి ఉంటే తెర లోపల పురుగులు పెరుగుతాయి, కాబట్టి కట్టేముందు చిగురు ఒకసారి చూసి, ఉన్న గుడ్లని మెత్తటి బ్రష్‌తో తుడిచేయండి. ఆకులు పూర్తిగా విచ్చుకుని, ముట్టుకుంటే గట్టిగా గుచ్చుకునే దాకా తెర ఉంచండి. ముదురాకు గొంగళిపురుగుకి నమలడానికి రాదు, ఆ తర్వాత తెర తీసేయొచ్చు. రెండు కుండీలుంటే ఒకదానికి కట్టి రెండోది వదిలేయండి. మీ మొక్కా ఉంటుంది, వచ్చే వానకి ఫొటో తీయడానికి సీతాకోకచిలుకలూ ఉంటాయి.